చచ్చింది బ్యాటరీ, చంపిందెవరు?

సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లి పది రోజుల తర్వాత భిలాయ్ తిరిగొచ్చాం. దుర్గ్ స్టేషన్లో రైలు దిగి ఆటోలో కోహ్కాలో మా ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. పొద్దున్నే అమ్మాయిని బడిలో దింపుదామని కారు తాళం తిప్పితే టక్ టక్ మని చప్పుడు, అంతే. మీటర్ల దగ్గర దీపాలు మిణుకుమని ఆరిపోయాయి. తెలిసిన మిస్త్రీ వచ్చి చూసి, "బ్యాటరీ అయిపోయింది, మూడేళ్లు దాటింది కదా" అన్నాడు. కొత్తది వేయించాను. పాతది షాపులో ఇచ్చేసి, దాని విలువ పోను మిగతా డబ్బు కట్టాను. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. పని అయిపోయిందనుకున్నాను.

మే నెలలో ఒక పెళ్లికి మళ్లీ ఊరెళ్లాం. వారం తర్వాత తిరిగొస్తే మళ్లీ అదే టక్ టక్. నాలుగు నెలల బ్యాటరీ! కోపమంతా షాపు మీదికి పోయింది. నేను వారంటీ కార్డు కోసం బీరువా అంతా తిరగేస్తుంటే, అరుగు మీద కూర్చున్న మా నాన్న అడిగాడు:

"బేటరీ సచ్చింది, సరే. సంపినోడెవుడ్రా?"

నా దగ్గర జవాబు లేదు. జనవరిలో ఆ ప్రశ్న నేను వేసుకోనే లేదు. ఏం పోయిందో తెలుసుకున్నాను, ఎందుకు పోయిందో అడగలేదు. ఈ అధ్యాయమంతా ఆ రెండో ప్రశ్న గురించే. కారుకి ఇంటి దగ్గర మనం చేసుకోగల మరమ్మతులు చాలానే ఉన్నాయి. వాటికి కావలసింది పెద్ద చదువు కాదు, ఈ ప్రశ్న వేసే అలవాటు.

ఫిట్టర్ల ఊరు నేర్పిన పాఠం

భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం మన దేశానికీ సోవియట్ యూనియన్‌కీ ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న జరిగింది. నాలుగేళ్లకి, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని ప్రారంభించారు. ఆ పొగ గొట్టాల కింద బతుకు వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చాయి. మా నాన్న 1960 దశకంలో వచ్చి, రైలు పట్టాలు తయారయ్యే మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టర్‌గా చేరాడు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాడు.

అక్కడ బేరింగ్ కాలిపోతే కొత్తది వేయడం సగం పనేనట. కాలిన బేరింగ్‌ని బల్ల మీద పెట్టి, గ్రీజు అందలేదా, దుమ్ము దూరిందా, షాఫ్ట్ వంకరగా ఉందా అని తేల్చాల్సిందే. తేల్చకుండా కొత్తది వేస్తే అదీ కాలుతుంది. ఆ రెండోసారి మిల్లు ఆగితే తప్పు బేరింగ్‌ది కాదు, ఫిట్టర్‌ది.

ఆ సాయంత్రం నాన్న నాతో ఒక నోటు పుస్తకం తెప్పించాడు. "ఎప్పుడు పోయిందో రాయి" అన్నాడు. రెండుసార్లూ ఊరి నుంచి వచ్చాకే. రోజూ బండి తిరిగినప్పుడు ఒక్కసారీ మొరాయించలేదు. అంటే ఆగి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతోంది. బ్యాటరీని చార్జ్ చేసి, తలుపులూ డిక్కీ మూసి, మైనస్ తీగ ఊడదీసి, తీగకీ బ్యాటరీకీ మధ్య మల్టీమీటర్ పెట్టాం. అరగంట ఆగితే బండిలోని కంప్యూటర్లు నిద్రపోతాయి, అప్పుడు 50 మిల్లీయాంపులకి మించి కరెంటు పోకూడదు. మా మీటర్ 0.4 యాంపులు చూపించింది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ వచ్చాం. లోపలి దీపాల ఫ్యూజు తీయగానే అంకె పడిపోయింది.

కారు లోపలి దీపం ఆరే ఉంది. మిగిలింది డిక్కీ దీపం. మూసిన డిక్కీలో దీపం వెలుగుతోందో లేదో చూసేదెలా? ఫోన్లో వీడియో నొక్కి లోపల పెట్టి మూత వేశాం. తీసి చూస్తే డిక్కీ లోపల పట్టపగల్లా ఉంది. మూత మూసినప్పుడు దీపం ఆర్పాల్సిన చిన్న స్విచ్ దుమ్మూ ఎండిన గ్రీజూ పట్టి బిగుసుకుపోయింది. తుడిచి, శుభ్రం చేసి, రెండుసార్లు నొక్కితే కదిలింది. ఖర్చు ఒక పాత గుడ్డ.

లెక్క చూడండి. 5 వాట్ల బల్బు 12 వోల్టుల మీద సుమారు 0.4 యాంపులు తీసుకుంటుంది. 35 యాంపియర్ అవర్ బ్యాటరీని అది మూడున్నర రోజుల్లో ఖాళీ చేస్తుంది. రోజూ బండి తిరుగుతున్నన్నాళ్లూ రాత్రి పోయినదాన్ని పగలు డైనమో నింపేసేది. పది రోజులు కదలకపోతే నింపేవాడు లేడు. జనవరిలో ఇచ్చేసిన పాత బ్యాటరీ ఇంకో ఏడాది పని చేసేదేమో.

చెయ్యి పెట్టే ముందు

కర్మాగారంలో యంత్రం మీద పని చేయాలంటే ముందు షట్‌డౌన్ తీసుకుంటారు. కరెంటు కట్టేసి, మనుషులు పని చేస్తున్నారని బోర్డు తగిలిస్తారు. మన ఇంటి ముందు బోర్డు అక్కర్లేదు గానీ బండి తాళం మాత్రం మీ జేబులో ఉండాలి. మిగతా నియమాలు ఇవి.

బండి చదునైన నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి ఉండాలి. జాకీ ఒక్కటే మోస్తున్న బండి కిందికి ఎన్నడూ దూరకండి. జాకీ టైరు మార్చడానికే.

వేడి మీదున్న రేడియేటర్ మూత తిప్పకండి. లోపలి నీరు ఒత్తిడితో ఎగజిమ్మి ముఖం కాల్చేస్తుంది.

ఇంజన్ ఆపిన తర్వాత కూడా రేడియేటర్ ఫ్యాను హఠాత్తుగా తిరగవచ్చు. చేతులు దూరంగా ఉంచండి.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్. ఉంగరం, గడియారం తీసేయండి. దగ్గర అగ్గిపుల్ల గీయకండి, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది.

ఎయిర్‌బ్యాగుల పసుపు రంగు కనెక్టర్లు, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు తీగలు, డీజిల్ ఇంజన్ ఇంధన పైపులు, సీఎన్‌జీ, ఏసీ గ్యాసు గొట్టాలు మన పని కాదు.

పెట్టెలో వీల్ పానా, జాకీ, 10 నంబరు పానా, స్క్రూడ్రైవర్లు, టైరు గాలి చూసే గేజి, మల్టీమీటర్, జంపర్ తీగలు, టార్చి, చేతి తొడుగులు ఉంటే చాలు.

స్టార్ట్ కాకపోతే: చెవితో మొదలుపెట్టండి

ఆటోమేటిక్ అయితే గేరు పీ లో ఉందో లేదో, మాన్యువల్ అయితే క్లచ్ పూర్తిగా నొక్కారో లేదో ముందు చూసుకోండి. ఆ తర్వాత ఎవరో ఒకరు తాళం తిప్పుతుంటే మీరు బానెట్ దగ్గర నిలబడి వినండి.

వరసగా టక్ టక్ మని, దీపాలు మందగిస్తే బ్యాటరీ నీరసంగా ఉంది, లేదా టెర్మినల్ వదులైంది. చేత్తో కదిపి చూడండి. కదలకూడదు. తెల్లటి, పచ్చటి పొడి పట్టి ఉంటే తీగలు విప్పి, వేడి నీళ్లలో తినే సోడా కలిపి పాత బ్రష్షుతో కడిగి, ఆరనిచ్చి బిగించండి. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా చూడండి.

దీపాలు బలంగానే ఉండి ఒక్కసారి మాత్రం టక్ మంటే సెల్ఫ్ మోటార్ మీద అనుమానం.

సెల్ఫ్ జోరుగా తిరిగినా ఇంజన్ అందుకోకపోతే బ్యాటరీని వదిలేయండి. పెట్రోలు బండి అయితే తాళం ఆన్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో వెనక సీటు కింద నుంచి పెట్రోలు పంపు సన్నగా గుంయ్ మంటుంది. అది వినిపించకపోతే పంపు ఫ్యూజు చూడండి. మీటర్ల దగ్గర తాళం గుర్తు మిణుకుతుంటే బండి మీ తాళాన్ని గుర్తుపట్టడం లేదు, రెండో తాళంతో ప్రయత్నించండి. వానాకాలంలో బానెట్ తీసి ఎలుకలు కొరికిన తీగలున్నాయేమో తప్పక చూడండి.

మల్టీమీటర్ ఉంటే ఊహలతో పని లేదు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీలో సత్తువ తగ్గింది. ఇంజన్ నడుస్తుంటే చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. అంత లేకపోతే డైనమో నింపడం లేదు. అప్పుడు ఎన్ని కొత్త బ్యాటరీలు వేసినా అన్నీ చస్తాయి.

ఇంకో బండి సాయంతో లేపాలంటే ఎర్ర తీగ ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల తీగ మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొస మొరాయించిన బండి ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి. స్టార్ట్ అయ్యాక తిరుగు క్రమంలో విప్పండి.

మన భిలాయ్ ఎండలు 45 డిగ్రీలు తాకుతాయి. బ్యాటరీ ఆయువుని తినేది ఆ వేడి. అయితే ఆ నష్టం బయటపడేది డిసెంబరు చలిలో. చలికాలంలో పోయిందని చలిని తిట్టకండి.

వేడెక్కితే: నీళ్లు ఎక్కడికి పోయాయి?

మేలో జీఈ రోడ్డు మీద సుపేలా దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు వైపు జరుగుతోంది. ఏసీ ఆపండి. హీటర్ పూర్తిగా పెట్టండి. చెమటలు పడతాయి గానీ ఇంజన్ వేడి కొంత అటు పోతుంది. పక్కకి తీసి ఆపేయండి. బాగా చల్లారేదాకా, కనీసం అరగంట, మూత జోలికి పోవద్దు.

తర్వాత ప్రశ్నలు. నిలబడినప్పుడే వేడెక్కి, పరిగెత్తితే చల్లబడుతోందా? అయితే ఫ్యాను, దాని ఫ్యూజు చూడాలి. పరిగెత్తేటప్పుడు, ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కుతోందా? కూలెంట్ తగ్గింది, రేడియేటర్ మూసుకుపోయింది, థర్మోస్టాట్ లేదా వాటర్ పంపు దెబ్బతింది. జగ్దల్‌పూర్, కోరాపుట్ మీదుగా విశాఖ వెళ్లే మనవాళ్లకి కేశ్‌కాల్ ఘాట్ మలుపుల్లోనే ఈ సంగతి తెలుస్తుంటుంది. బయలుదేరే ముందు రోజు పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మీద రెండు గీతల మధ్య మట్టం చూసుకుంటే ఆ బాధ తప్పుతుంది. రేడియేటర్ ముందు పేరుకున్న దుమ్ము, పురుగులు మెల్లగా పారే నీళ్లతో కడగండి. ఎక్కువ ఒత్తిడితో కొడితే రేకులు వంగిపోతాయి.

మట్టం తగ్గితే పోసి ఊరుకోకండి. మూసి ఉన్న దారిలో తిరిగే కూలెంట్ ఊరికే తగ్గిపోదు. రాత్రి బండి కింద అట్టముక్క పరచండి. పొద్దున రంగు మరక కనిపిస్తే బయటికి కారుతోంది, హోసు పైపులూ క్లిప్పులూ చూడండి. మరక లేదు, మట్టం తగ్గుతోంది, పొగ గొట్టం నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తోంది, ఇంజన్ ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంది అంటే లోపలికి పోతోంది. హెడ్ గాస్కెట్ అనుమానం. ఆ బండిని ఇక నడపకండి.

బ్రేకు, టైరు: ఇక్కడ మొహమాటం లేదు

బ్రేకు నొక్కినప్పుడు సన్నటి కీచుమనే మోత వస్తే చాలా బండ్లలో అది ప్యాడ్లు అరిగాయని చెప్పే రేకు. గరగరమని ఇనుము రాసుకుంటున్న మోత అయితే ఆ రోజే బండి ఆపేయాలి. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతే ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా గాలి చేరింది.

బ్రేకు ఆయిల్ తగ్గిందని కొందరు పోసేసి నిశ్చింతగా ఉంటారు. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ మట్టం మెల్లగా తగ్గడం సహజం. అంటే అది ప్యాడ్ల వయసు చెబుతోంది. గబగబా తగ్గితే కారుతున్నట్టు. పోయడం మొదటి ప్రశ్నకి జవాబు, ప్యాడ్లు చూడటం రెండో ప్రశ్నకి. చూడటం మన పని. బ్రేకులు విప్పి బిగించడం చెయ్యి తిరిగిన మిస్త్రీ పని.

టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం చెబుతుంది. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఒకే టైరు వారం వారం తగ్గుతుంటే సబ్బు నీళ్లు చల్లండి. మేకు దగ్గరో, వాల్వు దగ్గరో, రిమ్ము అంచునో బుడగ లేస్తుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి చేరితే టైరు మార్చాల్సిందే.

స్టెప్నీ వేసేటప్పుడు చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, తర్వాత జాకీ ఎత్తండి. బిగించేటప్పుడు ఒకదాని పక్కది కాక, ఎదురుగా ఉన్నది బిగించాలి. కొన్ని పదుల కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి బిగువు చూడండి.

పొగ, మరక, దీపం

నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువైంది, లేదా గాలి తక్కువైంది. మన దగ్గర దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. క్లిప్పులు తీసి ఫిల్టర్‌ని వెలుతురుకి ఎత్తి చూడండి, వెలుగు రాకపోతే మార్చేయండి. పికప్ తగ్గిందని ఇంజన్ విప్పించే ముందు ఈ అయిదు నిమిషాల పని చేయండి. ఏసీ వేసినప్పుడు కారే తేట నీటి చుక్కలకి భయపడక్కర్లేదు.

ఎర్రటి ఆయిల్ డబ్బా గుర్తు వెలిగితే వెంటనే ఇంజన్ ఆపాలి. ఇంటిదాకా వెళ్దామనుకుంటే ఇంజనే పోతుంది. పసుపు రంగు చెక్ ఇంజన్ దీపం నిలకడగా వెలిగితే నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు. మిణుకుతుంటే ఇంజన్‌లో కొన్నిసార్లు పెట్రోలు అంటుకోవడం లేదు. కాలని పెట్రోలు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుంది, కాబట్టి ఆపండి.

ఇప్పటి బండ్లలో స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. చిన్న రీడర్ తగిలిస్తే ఫోన్లో కోడ్ కనిపిస్తుంది. కోడ్‌ని తీర్పు అనుకోకండి, అది ఫిర్యాదు. ఉదాహరణకి పీ 0171 అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. అది చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తే, ఉన్నదున్నట్టు చెప్పిన సాక్షిని శిక్షించినట్టే. అసలు దోషి బీటలు వారిన ఓ గాలి గొట్టం కావచ్చు.

మిస్త్రీ దగ్గర ఏం చెప్పాలి?

ఇంటి దగ్గర నేర్చుకున్నదంతా మిస్త్రీని మానేయడానికి కాదు, అతనితో సరిగ్గా మాట్లాడటానికి. "సెల్ఫ్ మార్చు" అని వెళితే అతను సెల్ఫే మారుస్తాడు. "పొద్దున మొదటిసారి మాత్రమే మొరాయిస్తోంది, దీపాలు తగ్గడం లేదు, ఒక్కసారి టక్ మంటోంది" అని చెప్పండి. విడిభాగం పేరు వద్దు, లక్షణం చెప్పండి. మార్చాక పాత ముక్క చేతిలోకి తీసుకుని, "ఇది ఎందుకు పోయింది అన్నా?" అని మర్యాదగా అడగండి. పని తెలిసినవాడు ఆ ప్రశ్నకి సంతోషిస్తాడు, ముక్కని తిప్పి చూపిస్తాడు. అలాంటివాడు దొరికితే వదులుకోకండి.

ఈ ఆదివారం చేయాల్సింది

ఒక గంట కేటాయించండి. పొద్దున్నే నాలుగు టైర్లూ స్టెప్నీ గాలి కొలవండి. డిప్‌స్టిక్ తుడిచి ఆయిల్ మట్టం, కూలెంట్ మట్టం, బ్రేకు ఆయిల్ మట్టం చూడండి. బ్యాటరీ టెర్మినళ్లు కదిపి చూసి, వోల్టులు కొలవండి. ఎయిర్ ఫిల్టర్ వెలుతురుకి పెట్టండి. రాత్రి అట్టముక్క పరచండి. చూసినవన్నీ ఒక నోటు పుస్తకంలో రాయండి. గడులు ఇవి: తేదీ, కిలోమీటర్లు, ఏం జరిగింది, ఎప్పుడెప్పుడు జరుగుతోంది, ఏం చేశాను, ఎందుకు పోయింది.

ఆఖరి గడి ఖాళీగా ఉన్నంతవరకూ ఆ మరమ్మతు పూర్తి కాలేదని లెక్క.

ఈ అలవాటు బండి దగ్గర ఆగదు. మా ఇంట్లో కరెంటు బిల్లు పెరిగినప్పుడు మొదట మీటర్‌ని అనుమానించాను. తర్వాత పుస్తకంలో రాసినట్టే ఎప్పుడు, ఎందుకు అని రాసుకుంటే, మేడ మీద ట్యాంకు గొట్టం కారి మోటార్ రోజుకి రెండుసార్లు అదనంగా నడుస్తోందని తేలింది.

నాన్న ఆ మే సాయంత్రం తెప్పించిన పుస్తకం ఇప్పటికీ బండిలోనే ఉంది. మొదటి వరుస జనవరిది, జ్ఞాపకం మీద రాసింది. ఏం జరిగింది: స్టార్ట్ కాలేదు. ఏం చేశాను: బ్యాటరీ మార్పించాను. ఎందుకు పోయింది అన్న గడిలో డిక్కీ దీపం అని రాయబోతుంటే నాన్న నా చెయ్యి ఆపాడు. "అది నీకు మేలో తెలిసింది. జనవరిలో ఏటి తెలుసో అది రాయి."

ఆ గడిలో ఒకే మాట ఉంది: అడగలేదు.